గాజులు తొడుక్కొమ్మన్నది

ఉట్నూరు,
15 జూలై 2024.

అత్తమ్మకు,

ప్రజ్ఞ నమస్కారాలు. ఫోనులో నీకు మాట వినబడదు. వాట్సాప్‌లో రాస్తే వినోద వదిన చదివి వినిపిస్తుంది. ఈ సంగతి ఇంకొకరి గొంతులో నీ చెవిన పడడం నాకిష్టం లేదు. అందుకని ఉత్తరం.

ఇక్కడ వాన వదలడం లేదు. హాస్టలు పిల్లల బట్టలు తరగతి గదిలోనే బెంచీల మీద ఆరేస్తున్నాం. ఆరో తరగతికి ఇంగ్లీషు చెబుతుంటే తడి లంగాల వాసన. నేను మెల్లగా మాట్లాడతానని పిల్లలు నాకు పిల్లి టీచర్ అని పేరు పెట్టారు. నాకు వినబడదనుకుంటారు.

నిన్న ఆదివారం మంచిర్యాల వెళ్ళాను, అన్నయ్య దగ్గరికి. ఆగస్టు ముప్పయిన నా నిశ్చితార్థమని, కరుణాకర్ వాళ్ళు ఇరవై మంది వస్తారని, బాపు లేడు గనుక ఆయన స్థానంలో కూర్చుని తాంబూలం మార్చుకోవలసింది తనేనని నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. సంతోషించాడు. దుకాణం బాగానే నడుస్తోందట. వానాకాలమైనా ఇనుప సలాక అమ్ముడుపోతోందట, సిమెంటే కదలడం లేదట.

అత్తమ్మా, అన్నయ్య చేతులు చూశాను. రెండు చేతులూ ఎర్రగా ఉన్నాయి. గోళ్ళు కూడా. ఆ చేతులతో వడ్డించాడు. నేను తినలేకపోయాను. వచ్చేటప్పుడు లక్సెట్టిపేట బస్టాండులో వాంతి చేసుకున్నాను. ఇంతకంటే వివరంగా రాయడం నాకు చేతకావడం లేదు. నువ్వు పెద్దదానివి, అర్థం చేసుకుంటావు.

నీ
ప్రజ్ఞ


కరీంనగర్,
20 జూలై 2024.

బిడ్డా ప్రజ్ఞా,

అత్త దీవెనలు. నీ ఉత్తరం చేతికి రాంగనే నా పానం గాబరా అయింది. సలాక మీద పడి పోరని చేతులు తెగినయేమో అనుకున్న. లేకుంటే సిమెంటుకు తోలు లేసిపోయిందా అనుకున్న. మందుల దుకాణంకు డ్రైవర్ గోపాల్‌ను తోలి రెండు రకాల మలాములు తెప్పించిన. కారు తీయి, మంచిర్యాలకు పోదాం అని గూడ చెప్పిన.

గంతల పాలు పోసే పిల్ల వచ్చింది. గిన్నె పట్టుకున్నది చూస్తే చేతులు ఎర్రగ పండినయి. ఆషాఢమాయె గదా. అప్పుడు ఎరుకయింది నాకు. ఓసి పిచ్చిదానా, గోరింటాకు అని ఒక్క మాట రాస్తే నీ సొమ్మేం పోతుండె? కాన్వెంటుల చదువుకున్నందుకు నీకు రాసుడు కన్న దాసిపెట్టుడు మంచిగ నేర్పిన్రు.

సరే, ఇప్పుడు నిజం చెప్పు. ఎవరా పిల్ల? మగోని చేతికి గోరింటాకు పెండ్లినాడే పండుతది. చేతులు పండినయంటే పండించినామె ఇంట్ల ఉన్నట్టే. రిజిస్టరు పెండ్లి చేసుకున్నడా? ఎవరి బిడ్డ? మనోళ్లేనా? నీకు వాంతి వచ్చిందంటే మనోళ్లు కాదన్నట్టే. నాకు కోపం రాలే అని రాస్తున్న గని వచ్చింది. ఒకదిక్కు కోపం, ఒకదిక్కు జర సంతోషం గూడ. ముప్పై ఒకటేండ్లు వచ్చె, ఒంటిగ ఉంటుండని నాకెంత ఫికరో నీకు తెల్వదు.

ఆ పిల్ల పేరు, ఊరు, ఏం చదివిందో రాయి. కరుణాకర్ తల్లి మమతారాణికి తెల్వకముందు నాకు తెల్వాలె.

మీ అత్త
లీలాబాయి

మలాములు ఎనుకకు ఇయ్యలే. ఇంట్ల ఉండనీ అనుకున్న.


ఉట్నూరు,
26 జూలై 2024.

అత్తమ్మకు,

పిల్ల లేదు. ఉంటే బాగుండేది.

గోరింటాకు అన్నయ్యే పెట్టుకున్నాడు. ఆకు ఎక్కడో కోసుకొచ్చి, కాచు, చింతపండు వేసి తనే నూరాడు. ఎవరు పెట్టారని అడిగితే, "నేనే పెట్టుకున్ననే. ఎడమ చేతితోని కుడిచేతికి పెట్టుడే జర తక్లీఫ్ అయింది" అని నవ్వాడు. దాచిపెట్టలేదు. అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది. దాచి ఉంటే చూడనట్టు వచ్చేసేదాన్ని.

ముందు గది చెబుతాను. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ ముందు చెక్క రింగులో బిగించిన గుడ్డ, రంగురంగుల దారపుండలు డబ్బాలో వరుసగా. దుకాణం మూశాక రోజూ రెండు గంటలు కుడతాడట. పక్కన కొయ్య స్టాండుకు గాజులు. కుట్టేటప్పుడు నాలుగు తొడుక్కుంటాడట. "సూది పైకి లేసినప్పుడల్ల ఒక సప్పుడైతది. తోడుంటది" అన్నాడు. నేను అడగకుండానే తొడుక్కుని చూపించాడు. వెంట్రుకల మణికట్టు మీద ఆకుపచ్చ గాజు. నేను గోడ క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. అన్నం దగ్గర ఆ ఎర్రటి గోళ్ళతో అప్పడం విరిచి నా కంచంలో వేశాడు. చిన్నప్పటినుంచీ అట్లాగే విరిచి వేస్తాడు, నీకు తెలుసు.

దుకాణంలో హమాలీలు నవ్వరా అని అడిగాను.

"నవ్వుతరు. తూకం సక్కగున్నదా లేదా చూసుకుంటరు, పోతరు."

"నీకు సిగ్గనిపించదా?"

"మొదలు అనిపిస్తుండె. యాష్టకొచ్చింది. సిగ్గుపడుడు గూడ ఒక పనే గదనే, రోజూ ఎవడు చేస్తడు?"

నేను రోజూ చేస్తాను. చెప్పలేదు.

వచ్చేటప్పుడు మెట్ల దాకా వచ్చి, నా నిశ్చితార్థానికి మళ్ళీ పెట్టుకుంటానన్నాడు, బాగా పండేట్టు. అత్తమ్మా, ఇరవై మంది ఎదుట ఆ చేతులతో తాంబూలం అందిస్తాడు. కరుణాకర్ వాళ్ళ నాన్న అందుకోవాలి. నాకు ఆ దృశ్యం తరగతిలో కూడా కనబడుతోంది. నువ్వు ఏదైనా చెయ్యి. నాతో మాత్రం చెప్పించకు.

ప్రజ్ఞ


కరీంనగర్,
1 ఆగస్టు 2024.

ప్రజ్ఞా,

రెండు దినాలు నోట్లె మెతుకు పెట్టలే. ఛీ, ఛీ. మీ బాపు ఉంటే ఏమైతుండెనో. రాజేశ్వర్‌రావు కొడుకు గోళ్లకు రంగు ఏసుకొని గాజుల సప్పుడు ఇనుకుంట కూసున్నడంటే, ఆ మాట రాయబట్టి గీ కలం గూడ కడుక్కోవాలె.

కుట్టుడు తప్పని నేను అంటలే. మన టవర్ సర్కిల్ బజారు దిక్కు మగ్గం వర్క్ చేసే పోరగాండ్లంత మగోళ్లే. ఎక్కడెక్కడికెంచో వచ్చి పొద్దుమాపు కుడుతరు, పైసలు తీసుకుంటరు, పోతరు. కూలికి కుడితే అది పని. ఎవలూ అడగకుండ, ఎవలూ ఇయ్యకుండ, మనసుకు మంచిగనిపించి కుట్టుడేంది మగపుట్టుక పుట్టి?

నువ్వు ఏదన్న చెయ్యిమన్నవు. చేసిన. మా అత్తగారి ఊరు బోథ్ దిక్కు ఒక రివాజు ఉండె. మా మరిది పొలం గెట్టు పంచాయితికి భయపడి రాకుంటె ఆయన సొంత అక్కలే పళ్లెంల చీర, గాజులు, కుంకుమ పెట్టి పంపిన్రు. ఆర్నెల్లు ఇల్లు కదలలే. గట్లనే చేసిన నేను గూడ.

ముప్పై ఆరేండ్లయింది మీ మామ పోయి. గన్నేండ్లకు గాజుల దుకాణం మెట్లెక్కిన. ఏ సైజమ్మా అని నా చేతి దిక్కు చూసిండు దుకాణపాయన. చూసి, నోరు మూసుకున్నడు. అన్నిట్ల పెద్ద సైజు ఇయ్యి అన్న. పచ్చ గాజులు, డజను. చీర నాసిది పంపుదామనుకున్న గని చెయ్యి రాలే. పెట్టెల కొత్తది ఉండె, పసుపుపచ్చది, ఎర్రంచు. అదే పెట్టిన. ఉత్త చీర పళ్లెంల పెడితే పీనుగ మీది గుడ్డ లెక్క కనబడ్డది. అందుకని ఇన్ని బియ్యం పోసి పసుపు కలిపిన. రెండు ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, ఒక జాకెట్టు గుడ్డ. మూట కట్టి గోపాల్ చేతికిచ్చి, "గాజులు తొడుక్కొమ్మన్నది అత్తమ్మ అని చెప్పు, ఇంకో మాట మాట్లాడకు" అని తోలిన. ఇగ సామానే మాట్లాడుతది. రోషముంటే ముప్పైనాడు మొఖం చూపెట్టడు. తాంబూలంకు నా అల్లుడు, వినోద పెనిమిటి కూసుంటడు.

ఇంకొక ముచ్చట. మమతారాణి మళ్ల వచ్చింది. హాల్‌ల గోడకు అద్దం కట్టించిన నీ రుమాలు చూసి కండ్లు తిప్పలే. "గీ చిలుకలు ప్రజ్ఞనే కుట్టిందా? ఏడో క్లాసులనా?" అని మూడుసార్లు అడిగింది. బహుమతి వచ్చిందని చెప్పిన. "పెండ్లి జాకెట్టు మా కోడలు సొంతంగ కుట్టుకోవాలె, మా చుట్టాలందరు చూడాలె" అన్నది. సరే అన్న. నీ చేతిల అంత పని ఉన్నదని నీకే తెల్వది.

పెండ్లినాడు నీ ఒడిబియ్యం వినోద పోస్తది. నేను పక్క అర్రల ఉంట. గది కొత్త ముచ్చట గాదు, నువ్వు మొఖం చిన్నగ చేసుకోకు.

ఆదివారం పోయి వాడెట్లున్నడో చూసి రాయి.

లీలాబాయి


ఉట్నూరు,
12 ఆగస్టు 2024.

అత్తమ్మకు,

నిన్న వెళ్ళాను. ఏం రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను.

తలుపు తీసేసరికి చేతులకు నీ గాజులున్నాయి. ఆరు, ఆరు. బిగుతుగా ఉన్నాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నాకు భయం వేసింది. లోపలికి రాగానే నా చేతులు పట్టుకుని, "అత్తమ్మ నాకు ఒడిబియ్యం పోసిందే" అన్నాడు.

చేతులు విడిపించుకుని చెప్పులు విప్పాను.

"బియ్యంల పసుపు గూడ కలిపింది. కుడుకలు పెట్టింది. మగోనికి ఒడి ఉండదనుకున్న గిన్ని దినాలు. నాకు తెల్వకుండ నా ఇష్టం అత్తమ్మకెట్ల తెలిసిందో చూడు. నువ్వు చెప్పినవు గదా?"

చెప్పానన్నాను. అది అబద్ధం కాదు.

"గాజులు తొడుక్కొమ్మని గూడ చెప్పి పంపింది. గోపాల్‌ను అడుగు. గా ఒక్క మాటే చెప్పి దిక్కులు చూసుకుంట పోయిండు."

చీర దేవుడి గూట్లో మడత పెట్టి ఉంచాడు. కట్టుకోలేదు. కట్టుకోవాలని లేదట, చూసుకోవాలని ఉందట. బియ్యం మొత్తం పరమాన్నం వండి హమాలీలకు, పక్కింటి వాళ్ళకు పెట్టాడు. ఒడిబియ్యం వండితే పదిమందికి పెట్టాలి కదా. నాకు ఒక గిన్నె ఎత్తిపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాడు, నేను వస్తానని తెలియకపోయినా. పదిరోజుల పరమాన్నం. వాసన వస్తోంది. తిన్నాను. నా ఎదురుగా కూర్చుని గాజులు మోగకుండా ఒక చేత్తో రెండో చెయ్యి పట్టుకుని చూస్తున్నాడు, నాకు ఆ చప్పుడు నచ్చదని కనిపెట్టినట్టున్నాడు. ఈసారి వాంతి రాలేదు. వస్తే తేలిక పడేదాన్ని.

జాకెట్టు గుడ్డ రింగులో బిగించాడు. నారింజ రంగు దారంతో పూలు కుడుతున్నాడు, చిలుక ముక్కుల్లా వంగినవి. నేను వాటిని గుర్తుపట్టాను. గుర్తుపట్టనట్టు చూశాను.

నీకు ఉత్తరం రాస్తాడా అని అడిగాను. "రాస్తే పాడయితది. ఎదురుంగ వచ్చి కాళ్లు మొక్కుత, ముప్పైనాడు" అన్నాడు.

అత్తమ్మా, నువ్వు పంపిందేమిటి?

ప్రజ్ఞ


కరీంనగర్,
17 ఆగస్టు 2024.

ప్రజ్ఞా,

నీ ఉత్తరం చదివి పళ్లెం కడిగిన. ఎందుకు కడిగిన్నో తెల్వదు, అది శుభ్రంగనే ఉన్నది.

తప్పు నా చేతిది. చీర, జాకెట్టు గుడ్డ, కుంకుమ చూస్తే చెయ్యి తనంతట తనే బియ్యం డబ్బల పడ్డది. పెండ్లయిన కొత్తల ఆడిబిడ్డలకు ఎన్నిసార్లు కలిపిననో ఆ బియ్యం. పసుపు ఎంత పడాలె, కుడుకలు ఎన్ని పెట్టాలె, చేతికి తెలుసు. నేను తిట్టు కడుతున్న అనుకున్న, అది ఒడి నింపింది. పుట్టినింటోళ్లు బిడ్డకు పోసేది, బిడ్డ సల్లంగ ఉండాలని పోసేది తీసుకపోయి గడ్డమున్న మగోని ఒళ్లె పోసిన. ఛీ. నా బియ్యం మీద నాకే రోత పుడుతుంది. హమాలీలకు పెట్టిండట! మంచిర్యాలల గీ ముచ్చట తెల్వనోడు ఇగ ఎవడున్నడు?

మంచిర్యాల దాక ఎందుకు, గోపాల్ ఆగిండా? మమతారాణి డ్రైవర్‌కు చెప్పిండు. ఆమె వినోదకు ఫోన్ చేసి ఒకటే నవ్వుడట. "మీ పిల్లగానికి పెండ్లిచూపులు మేము చూడాల్నా, మీరు చూస్తరా?" అన్నదట. వినోద నాకు కాయితం మీద రాసి చూపెట్టింది, ఫోన్‌ల నాకు ఇనబడది గదా. రాసుకుంట ఆమె గూడ నవ్వుతనే ఉన్నది.

ఎనుకకు తీసుకుందామంటే రివాజు లేదు. ఒడిబియ్యం సామాను పుట్టింటికి ఎనుకకు వచ్చిందంటే ఆ బిడ్డ లేనట్టు లెక్క.

నువ్వే చెప్పాలె. అది దీవెన గాదు, నీ మొఖాన ఉమ్మిన ఊంచు అని చెప్పు. నేను రాస్తే వాడు అందుల గూడ ఏదో ఒక దీవెన ఎతుక్కుంటడు. ముప్పైనాడు రావద్దని చెప్పు. నీ పెండ్లి బిడ్డా. వాని చేతులల్ల ఉన్నది.

లీలాబాయి


ఉట్నూరు,
22 ఆగస్టు 2024.

అత్తమ్మకు,

చెప్పాను. నిన్న సెలవు పెట్టి వెళ్ళి చెప్పాను.

వెళ్ళక ముందు ఒక సంగతి. మంగళవారం కరుణాకర్ ఫోన్ చేశాడు. "మీ అన్న గాజులు ఏసుకుంటడట గదా. ముప్పైనాడు ఆడోళ్ల దిక్కు కుర్చీ ఎయ్యాల్నా, మగోళ్ల దిక్కు ఎయ్యాల్నా చెప్పున్రి, టెంటాయనకు ఆర్డరియ్యాలె" అన్నాడు. తన జోకుకు తనే చాలాసేపు నవ్వాడు. అతని నవ్వులో తడి చప్పుడొకటి ఉంది, ఏదో నమిలి మింగుతున్నట్టు. ఎందుకు చెబుతున్నానంటే, నేనూ నవ్వాను. నాకు నవ్వు రాలేదు. అయినా నవ్వాను. బాగా నవ్వాను. ఫోను పెట్టేశాక నోరు కడుక్కున్నాను.

అన్నయ్యకు నువ్వు రాసిన మాటే చెప్పాను, ఊంచు అన్న మాటతో సహా. మెల్లగా చెబితే వినబడలేదు. రెండోసారి గట్టిగా చెప్పవలసి వచ్చింది. నా జీవితంలో గట్టిగా చెప్పిన మొదటి మాట అది.

చేతిలోని సూదిని జాకెట్టు గుడ్డలోనే గుచ్చాడు. తర్వాత, "అంటే గోపాల్ అందుకే దిక్కులు చూసిండు" అన్నాడు.

బాత్రూంకు పోయి చేతులకు సబ్బు రాసుకున్నాడు. గాజులు బిగుతు కదా, రావడం లేదు. పగలగొట్టు అన్నాను, చూడలేక. "వద్దు. అత్తమ్మ పంపినయి. ఆమె పేరు మీద గాజులు పగులగొట్టుడు మంచిది గాదు, ఒకసారి అయింది సాలు" అన్నాడు. ఒక్కొక్కటే తీశాడు. తోలు లేచింది. ఒక్కటి కూడా పగలలేదు. వాటిని మళ్ళీ తడి లేకుండా తుడిచాడు.

చీర, కుంకుమ, గాజులు, జాకెట్టు గుడ్డ ఆ మూటలోనే కట్టాడు. బస్సు పార్సిల్‌లో నీకు పంపుతానన్నాడు. "తిన్న బియ్యం మాత్రం వాపస్ ఇయ్యలేను. గదొక్కటి మాఫ్ చెయ్యమను." ముప్పయిన రానన్నాడు. నా మీద కోపం లేదన్నాడు. నేను బస్సెక్కేటప్పుడు అప్పడాల ప్యాకెట్ చేతిలో పెట్టాడు. నేను అది లక్సెట్టిపేట దాకా ఒళ్ళో పెట్టుకోలేక కాళ్ళ దగ్గర పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది పదమూడేళ్ళ కిందటే రాయవలసింది.

హాల్లో అద్దంలో ఉన్న రుమాలు నేను కుట్టలేదు. కాన్వెంటులో సిస్టర్ వారానికి ఒక మూల కుట్టుకొని రమ్మనేది. నా వేళ్ళకు సూది గుచ్చుకునేది, గుడ్డ మీద రక్తం అయ్యేది, సిస్టర్ స్కేలుతో కొట్టేది. అన్నయ్య డిగ్రీ చదువుతున్నాడు. రాత్రి పూట వడ్ల గదిలో కూర్చుని నాలుగు మూలలూ తనే కుట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. అప్పుడు నాకు రోత అనిపించలేదు. చాలా బాగుంది అనిపించింది. అవి చిలుకలు కావు. మోదుగు పూలు. సిస్టర్‌కు మోదుగు పువ్వు తెలియదు, చిలుకలు అంది. బహుమతి ఇచ్చేటప్పుడు అందరి ముందూ చిలుకలు కదా అని అడిగింది. ఔనన్నాను. నువ్వు అద్దం కట్టించినప్పుడు కూడా ఔనన్నాను. అన్నయ్య గుమ్మం దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు.

పెళ్ళి జాకెట్టు నేను కుట్టలేను. బొత్తాం కూడా కుట్టుకోలేను.

నీకు ఎవరిని చూస్తే రోత పుడుతుందో ఇకనుంచి నువ్వే తేల్చుకో. నేను నా చేతులతో ఈ కాగితం మడుస్తున్నాను, అదే కష్టంగా ఉంది.

ప్రజ్ఞ


కరీంనగర్,
26 ఆగస్టు 2024.

బిడ్డా,

ఈ ఉత్తరం పోస్టుల వేస్తలే, గోపాల్‌తోని తోలుతున్న. వాడు తొవ్వల నోరు తెరిస్తే పని తీసేస్త అని చెప్పిన.

మొన్న బస్టాండుకెంచి మూట వచ్చింది. నేను కట్టిన ముడి లెక్కనే కట్టిండు. వినోద ఇంట్ల లేనప్పుడు ఇప్పిన. చీర మడత నలగలే. కుంకుమ పొట్లం తెరవనేలే. జాకెట్టు గుడ్డ తీసిన. చేతులకు, ఈపుకు నిండ పూలు. ఒక్క చెయ్యి సగమే ఉన్నది, సూది దాంట్లనే గుచ్చి ఉన్నది. హాల్‌ల అద్దం దించి పక్కన పెట్టుకొని చూసిన. పదమూడేండ్లసంది వచ్చినోనికల్ల చిలుకలు చిలుకలు అని చూపెట్టిన. మా అత్తగారి ఊరు పోయే తొవ్వంత మోదుగు చెట్లే. నాకు ఎరుక లేకపోవుడేంది? చూడలే, అంతే. చెప్పినదాన్నే చూసిన.

ఒకటి చెప్త, ఎవలకు చెప్పలే. మీ మామ పోయిన పదోనాడు నా గాజులు పగులగొట్టినోళ్లు ఎవలో కాదు, నేను ఒడిబియ్యం పోసిన ఆడిబిడ్డలే. చెయ్యి తెగింది, ఒక గాజు ముక్క లోపల్నే ఉన్నది ఇప్పటికి, చలికాలం సలుపుతది. ఆనాటికెంచి ఇయ్యాల్టిదాక ముప్పై ఆరేండ్లు, నా చేతి బియ్యం ఏ ఒడి పట్టలే. వినోద సీమంతానికి నేను పక్క అర్రల ఉన్న. నీ పెండ్లికి గూడ పక్క అర్రనే. నా చెయ్యి తాకితే అరిష్టమని నేనే చెప్పుకుంట తిరిగిన, ఎవలన్న అనకముందే. నన్ను చూసి జనం మొఖం తిప్పుకునుడు ఎట్లుంటదో నాకు తెల్వదా? తెలిసే చేసిన.

గసొంటి చేతి బియ్యం కండ్లకద్దుకొని, వండి, పదిమందికి పెట్టి, నీకో గిన్నె ఎత్తిపెట్టి, పదిదినాలు దాసినోడు వాడొక్కడే. వాడు బియ్యం మాఫ్ చెయ్యమన్నడట. ఎవలు ఎవలను మాఫ్ చెయ్యాలె?

నాకు రోత పోలే. అబద్ధమెందుకు. ఆ గడ్డం, ఆ గోళ్లు యాదికొస్తే ఇప్పటికి గూడ కడుపుల తిప్పుతది. తిప్పుతె తిప్పనీ. నన్ను చూసి నా ఆడిబిడ్డలకు గూడ తిప్పింది. ఎవలూ సావలే.

మమతారాణికి వినోదతోని ఫోన్ చేయించిన, నేను పక్కన కూసొని. తాంబూలం మా ఉజ్వల్ మారుస్తడు, చేతులు ఎర్రగుంటయి, ఆకు వక్కకు రంగు అంటది, ఇష్టముంటే రాన్రి అని చెప్పించిన. అవుతల ఏమన్నదో వినోద కాయితం మీద రాయబోతే వద్దన్న. వస్తరో రారో నాకు తెల్వది. రుమాలు ముచ్చట నేను చెప్పలే. అది నీది. గట్టిగ మాట్లాడుడు ఒకసారి మొదలయింది గదా నీకు. వానికి గట్టిగ చెప్పినవు, గీళ్లకు గూడ చెప్పు. ఆ కరుణాకర్ నవ్వు గురించి నువ్వు రాసింది మళ్ల ఒకసారి నువ్వే చదువుకో. నేను ఏమనను.

నేను రేపు మంచిర్యాల పోతున్న. కొత్త బియ్యం కలిపిన. ఈసారి తెలిసే కలిపిన, కుడుకలు ఐదు పెట్టిన. వాని ఒళ్లె పోస్తె వాడు ఎట్ల పట్టుకుంటడో, కొంగు లేదాయె. అంగీ పట్టుమంట. నేను పక్క అర్రల ఉండ.

గాజులు లెక్కపెట్టిన బిడ్డా. డజను పంపిన. ఒక్కటి పగలలే అని నువ్వు రాసినవు. పదకొండే వచ్చినయి. వానిని ఏం అడగకు. మిగిలినయి పట్టుకొని పోతున్న.

మీ అత్త
లీలాబాయి